నొప్పులు రాకముందే మాట్లాడుకోండి

(అనంతపురంలో గర్భిణులు, వాళ్ళ కుటుంబ సభ్యుల కోసం జరిగిన సభలో ఒక విశ్రాంత నర్సు-మిడ్‌వైఫ్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న అమ్మాయిలకు ముందుగా ఒక మాట. నడుం పట్టేసినట్టు ఉంటే లేచి అటూ ఇటూ తిరగండి. బాత్‌రూమ్‌కు పోవాలంటే పోయి రండి. పెద్దామె మాట్లాడుతోంది కదా అని మొహమాటపడి బిగపట్టుకోవద్దు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మగవాళ్ళు ముందుకు రండి నాయనా, ఫ్యాన్ల కింద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈరోజు చెప్పేదాంట్లో సగం మీకోసమే.

గర్భిణులు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. జాగ్రత్తలకేం కరువు? ఆశా కార్యకర్త చెప్తుంది, ఏఎన్ఎం చెప్తుంది, పక్కింటావిడ అడక్కుండానే చెప్తుంది, ఇప్పుడు యూట్యూబ్ కూడా చెప్తోంది. నేను లేబర్ రూమ్‌లో ఇన్నేళ్ళు చూసిన ఇబ్బంది ఇంకొకటి. కడుపుతో ఉన్న అమ్మాయికి ఏం కావాలో తొమ్మిది నెలల్లో ఎవరూ అడగరు. ఆమె కూడా చెప్పదు. తీరా నొప్పులు మొదలయ్యాక, లేబర్ రూమ్ తలుపు దగ్గర నిలబడి, చేతిలో కాగితం పెడితే అప్పుడు నిర్ణయాలు మొదలవుతాయి. ఆ సమయంలో ఆడమనిషిని ఏం అడిగినా "ఏదో ఒకటి చేయండి" అంటుంది. బయట ఉన్నవాళ్ళు "మాకేం తెలుసు మేడమ్, మీ ఇష్టం" అని సంతకం పెడతారు. అది నిర్ణయం ఎట్లా అవుతుంది? ఏడో నెలలో, ఎనిమిదో నెలలో ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకోవాల్సిన సంగతులను అర్ధరాత్రి దాకా వాయిదా వేశామంతే.

మన సీమలో తొలి కాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, ఒడి నింపి, గాజులు తొడిగి తీసుకొస్తారు. మంచి ఆచారమే. అమ్మ దగ్గర ఉంటే ఆ అమ్మాయికి ధైర్యం, నాలుగు రోజులు నడుం వాల్చే వీలు. కానీ దీంట్లో ఒక చిక్కుంది. ఈ జిల్లా ఆడపిల్లలు ఎంతమంది బెంగళూరులో కాపురం ఉంటున్నారో మీకు తెలుసు. ఎనిమిది నెలలు అక్కడ ఒక డాక్టర్‌కు చూపించుకుంటారు. ఆ డాక్టర్‌కు ఈ అమ్మాయి సంగతంతా తెలుసు. నెలలు నిండే సమయానికి ఇక్కడికి వస్తే కొత్త ఊరు, కొత్త ఆసుపత్రి, కొత్త మనుషులు. పాత సంగతులన్నీ బెంగళూరు బీరువాలో ఉండిపోతాయి.

నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఒక రాత్రి కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి ఒకమ్మాయిని తీసుకొచ్చారు. తొలి కాన్పు. నొప్పులు మంచి ఊపులో ఉన్నాయి. ఫైల్ ఏదమ్మా అంటే వాళ్ళమ్మ చీరల సంచీ అంతా కుమ్మరించింది. ఫైల్ లేదు. బ్లడ్ గ్రూప్ అడిగితే "ఓ అనుకుంటా" అంది. ఓ పాజిటివా, నెగెటివా? ఎవరికీ తెలీదు. భర్త నైట్ షిఫ్టులో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. పరీక్ష చేస్తే నెగెటివ్. పుట్టిన బిడ్డది పాజిటివ్. అట్లాంటప్పుడు 72 గంటల లోపల తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. పడకపోతే ఈ బిడ్డకు ఏమీ కాదు గానీ, తర్వాత వచ్చే బిడ్డకు ముప్పు. తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు కడుపులోని బిడ్డ రక్తాన్ని విరిచేస్తాయి. ఆ అమ్మాయికి ఇంజెక్షన్ వేశాం, బాగుంది. 28వ వారంలో వేయాల్సిన డోసు బెంగళూరులో వేశారో లేదో మాత్రం రెండు రోజులకు భర్త ఫైల్ పట్టుకొచ్చాకే తెలిసింది.

అందుకని పుట్టింటికి బయల్దేరేటప్పుడు పట్టుచీర మర్చిపోయినా ఫరవాలేదు. తల్లీబిడ్డల రక్షణ కార్డు, స్కాన్ రిపోర్టులు, రక్త పరీక్షల కాగితాలు ముందు సర్దుకోండి. ఒక్కో పేజీని ఫోన్‌లో ఫోటో తీసి భర్తకు, తల్లికి, అన్నకో తమ్ముడికో పంపండి. ఇంకొక పని. కాన్పు ఎక్కడ అనుకున్నారో ఆ ఆసుపత్రికి నొప్పులు వచ్చినప్పుడే మొదటిసారి పోవద్దు. 34 వారాల ప్రాంతంలో ఒకసారి పోయి చూపించుకోండి. లేబర్ రూమ్ ఏ అంతస్తులో ఉంది, రాత్రిపూట డాక్టర్ ఉంటారా, రక్తం అక్కడే దొరుకుతుందా, పసిబిడ్డల డాక్టర్ ఉన్నారా, కనుక్కుని రండి. కేసు కష్టమైతే ఇక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి రాస్తారు. 150 కిలోమీటర్ల దారి. బీపీ ఉన్నవాళ్ళు, కవలలు ఉన్నవాళ్ళు, మాయ కిందికి ఉందని స్కాన్‌లో వచ్చినవాళ్ళు ఆ దారి సంగతి ముందే ఆలోచించుకుని, అన్ని సౌకర్యాలూ ఉన్నచోటే పేరు రాయించుకోవాలి.

రక్తం గురించి రెండు మాటలు చెప్పి పోతా, ఇది అందరూ చెప్పేదే కాబట్టి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా, అంటే నూటికి 54 మందికి దగ్గర దగ్గర, రక్తం తక్కువగా ఉందని తేలింది. హిమోగ్లోబిన్ 11 ఉండాలి. మామూలు కాన్పులో అర లీటరు దాకా రక్తం పోయినా 11 ఉన్న అమ్మాయి లేచి కూర్చుంటుంది. 7 ఉన్న అమ్మాయికి అంతే రక్తం పోతే ప్రాణం మీదికి వస్తుంది. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్ర నాలుగో నెల నుంచి రోజుకొకటి, ఆర్నెల్లు. కాన్పు అయ్యాక ఇంకో ఆర్నెల్లు. వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది, అది మామూలే. మలబద్ధకం అయితే చెప్పండి, ఇంకో మందు ఉంటుంది. అంతేగానీ డబ్బాలో దాచిపెట్టి "వేసుకుంటున్నా సిస్టర్" అనొద్దు, హిమోగ్లోబిన్ పరీక్షలో దొరికిపోతారు. (నవ్వులు) టీతో వేసుకోవద్దు, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. ఒక చీనీకాయ, అదే బత్తాయి, తిని వేసుకోండి, పులుపు ఉంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. చీనీకాయలకు మన జిల్లాలో కొదవేముంది? సంగటి మానొద్దు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సంగటి బరువు, అరగదు అని కడుపుతో ఉన్నవాళ్ళకు తెల్లన్నం పెట్టే ఇళ్ళు చూశాను. ఆ నాగరికత నాకు అర్థం కాదు.

ఇక అసలు సంగతికి వస్తా.

మీ అవ్వలను అడగండి, వాళ్ళ కాన్పులు ఎవరు చేశారో. మంత్రసాని. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి అని సామెతే ఉంది కదా. (నవ్వులు) ఆ సామెతలో పూర్తి రూపం ఇక్కడ చెప్పను, తెలిసినవాళ్ళకు తెలుసు. ఆమె రాత్రంతా పక్కన కూర్చునేది. నడుం పట్టేది, కషాయం కాచి ఇచ్చేది, దూలానికి చీర కట్టి పట్టుకుని కూర్చోమనేది. అంతా బాగానే ఉంది. కానీ బొడ్డు కోసిన కత్తి శుభ్రమైనది కాదు, బిడ్డ అడ్డం తిరిగితే ఆమె దగ్గర ఉపాయం లేదు, మాయ పడకుండా రక్తం ధారగా పోతుంటే దేవుడికి మొక్కడమే. అవ్వలు పదిమందిని కన్నారంటాం. ఆ పదిమందిలో మిగిలింది ఎందరో కూడా అడగండి.

కాన్పులు ఆసుపత్రికి మారడం మంచి పని. 2019-21 సర్వే నాటికే రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఊరికే తగ్గలేదు ఈ సంఖ్య. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తొడకు వేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఒక్కటే ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మా నర్సులకు తెలుసు. ఈ మధ్య కొందరు చదువుకున్నవాళ్ళు ఫోన్‌లో వీడియోలు చూసి, ఎవరూ లేకుండా ఇంట్లోనే కంటాం అంటున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు.

అయితే ఆసుపత్రికి మారేటప్పుడు ఒక మనిషిని ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాం. పక్కన కూర్చునే మనిషిని. లేబర్ రూమ్‌లో బల్లలు వరసగా ఉంటాయి, నర్సులు ఇద్దరు, కాన్పులు ఎనిమిది. ఎవరి దగ్గర కూర్చోవాలి? గట్టిగా అరిస్తే "అరవొద్దు" అంటారు. అరవకపోతే మర్చిపోతారు. నేను కూడా ఆ నర్సుల్లో ఒకదాన్నే కాబట్టి వాళ్ళను తిట్టడం నా ఉద్దేశం కాదు.

మిడ్‌వైఫ్ అంటే ఆ పక్కన కూర్చునే మనిషే, చదువుకుని వచ్చింది. భారత ప్రభుత్వం 2018లో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చింది. అప్పటికే నర్సింగ్ చదివిన వాళ్ళకు ఇంకో 18 నెలల శిక్షణ ఇచ్చి తయారుచేస్తారు. మన పక్కన తెలంగాణ 2017లోనే హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి సాయంతో కరీంనగర్‌లో ఈ శిక్షణ మొదలుపెట్టింది. ఇబ్బందులు లేని కాన్పును ఆమే చూసుకుంటుంది. బీపీ పెరిగినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా, రక్తం ఎక్కువ పోయినా వెంటనే డాక్టర్‌ను పిలుస్తుంది. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు పరుగెత్తాలో తెలిసి ఉండటమే ఆ చదువు. తెలిసిన మిడ్‌వైఫ్ మొదటి నుంచి చివరి దాకా చూసుకున్నచోట మామూలు కాన్పులు పెరిగాయని, బిడ్డ బయటికి వచ్చే దారిలో పెట్టే కోతలు తగ్గాయని చాలా దేశాల పరిశోధనల్లో తేలింది.

నర్సింగ్ పిల్లలు కూడా వచ్చారు కాబట్టి ఒక పాత సంగతి చెప్తా. 1840ల్లో వియన్నా నగరంలో ఒక పెద్ద ప్రసూతి ఆసుపత్రి. అందులో రెండు వార్డులు. ఒకదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పులు చేసేవాళ్ళు. రెండోదాంట్లో మిడ్‌వైఫ్‌లు. డాక్టర్ల వార్డులో బాలింత జ్వరంతో చచ్చిపోయేవాళ్ళు చాలా ఎక్కువ. ఆ వార్డులో వేయొద్దని ఆడవాళ్ళు కాళ్ళా వేళ్ళా పడేవాళ్ళట. సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ కారణం పట్టుకున్నాడు. విద్యార్థులు శవాలను కోసే గది నుంచి నేరుగా వచ్చి అవే చేతులతో కాన్పులు చేస్తున్నారు. 1847లో క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోమని కట్టడి చేస్తే చావులు ఒక్కసారిగా పడిపోయాయి. మెచ్చుకోకపోగా ఆయన్ను ఎగతాళి చేశారు, అది వేరే కథ. కాన్పు గదిలోకి వచ్చే ప్రతి మనిషీ, డాక్టరైనా సరే, అత్తగారైనా సరే, చేతులు కడుక్కునే రావాలి. బిడ్డను ఎత్తుకోవడానికి వచ్చే చుట్టాలకు కూడా చెప్పండి.

మిడ్‌వైఫ్‌లు ప్రతి ఊళ్ళో ఇంకా లేరు. వాళ్ళు వచ్చేదాకా ఏం చేయాలి? మీ మనిషిని మీరు వెంట పెట్టుకోండి. నొప్పుల సమయంలో ఆడమనిషి పక్కన ఒక తోడు ఉండొచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే సర్కారు ఆసుపత్రులకు చెప్పింది. అమ్మ కావచ్చు, అక్క కావచ్చు, అత్త కావచ్చు. బల్లల మధ్య చాటు ఉన్నచోట భర్త కూడా ఉండొచ్చు. తోడు ఉన్నవాళ్ళకు ఆపరేషన్లు తగ్గాయి, నొప్పుల సమయం కూడా తగ్గింది. 15 వేల మందికి పైగా ఆడవాళ్ళ మీద జరిగిన పరిశోధనలను కలిపి చూసి చెప్పిన మాట ఇది. మందు లేదు, మిషన్ లేదు, ఖర్చు లేదు.

ఎవరిని తీసుకుపోవాలన్నది మాత్రం ముందే తేల్చుకోండి. కన్నతల్లే అయినా బిడ్డ బాధ చూడలేక ఏడ్చేసే మనిషైతే వద్దు. ధైర్యంగా ఉండే పిన్నమ్మో, వదినో మేలు. తోడు వచ్చే మనిషి ఏం చేయాలంటే... ఏమ్మా, నువ్వు, పసుపు చున్నీ అమ్మాయి, ఇట్లా రా. కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చో. మీ ఆయనేనా? రా నాయనా, సిగ్గుపడొద్దు. (నవ్వులు) ఇదిగో, నడుం కింద, తుంటి ఎముకల మధ్యలో ఈ చదునైన చోటు. అరచేతి కింది భాగం ఇక్కడ ఆనించు. నొప్పి మొదలయ్యేటప్పుడు ఆమె ఊపిరి మారుతుంది, భుజాలు బిగుస్తాయి. అప్పుడు నీ ఒంటి బరువంతా చేతి మీదికి తెచ్చి నొక్కి పట్టు. రుద్దొద్దు, చర్మం మండుతుంది. నొక్కి పట్టు. నొప్పి దిగేదాకా తీయొద్దు. దిగాక ఒక గుక్క నీళ్ళు ఇవ్వు. "ఇంకెంత సేపు" అని మాత్రం అడగొద్దు. ఎట్లా ఉందమ్మా? హాయిగా ఉందా? నొప్పుల్లో ఇంకా హాయిగా ఉంటుంది. పోయి కూర్చోండి. రోజూ రాత్రి పది నిమిషాలు అభ్యాసం చేయించు అతనితో.

నొప్పులు మొదలవగానే పడుకోబెట్టేయాల్సిన పని లేదు. తిరగొచ్చు, గోడ పట్టుకుని వంగి నిలబడొచ్చు, ఒక పక్కకు తిరిగి పడుకోవచ్చు. ఇబ్బందులు లేనివాళ్ళు కొబ్బరినీళ్ళు, మజ్జిగ తాగొచ్చు, కొంచెం తినొచ్చు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాటలివి. తొలి కాన్పులో గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పులు మొదలైనట్టు లెక్క. అక్కడి నుంచి 12 గంటలు పట్టినా, తల్లీబిడ్డా బాగుంటే, ఆలస్యమైనట్టు కాదు. ఎవరైనా పైనుంచి పొట్ట మీద మోచేత్తో నొక్కి తోస్తుంటే వద్దని చెప్పండి. అది చేయకూడని పని.

ఆపరేషన్ల గురించి మాట్లాడకపోతే మీరు ఊరుకోరు. 2019-21 సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో 63, సర్కారులో 27కు దగ్గర. దేశం మొత్తానికి నూటికి 21, 22. మన ఆడవాళ్ళ ఒళ్ళు మిగతా దేశం ఆడవాళ్ళ కంటే అంత వేరుగా ఉందా? ఒకే జిల్లాలో రోడ్డుకు ఇటు ఉన్న ఆసుపత్రిలో ఒక లెక్క, అటు ఉన్నదాంట్లో ఇంకో లెక్క ఎట్లా వస్తుంది? డబ్బు మీద ఆశ ఒక కారణం, కాదనను. భయం ఇంకో కారణం. కాన్పులో ఏదైనా జరిగితే చుట్టాలు ఆసుపత్రి అద్దాలు పగలగొడతారని డాక్టర్లకు భయం. నొప్పులు తట్టుకోలేనని అమ్మాయికి భయం.

ఇంకో కారణం మన పంచాంగం. శుక్రవారం ఉదయం పది గంటల లోపు, మంచి నక్షత్రంలో తీసేయండి మేడమ్ అని కాగితం మీద రాయించుకుని వస్తారు. పురోహితుడు టైము రాస్తాడు, మత్తు డాక్టర్ దాని ప్రకారం పరుగెత్తాలి. వచ్చే వారం అమావాస్య కాబట్టి ఈ వారమే చేయమంటారు. 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా, అవసరం లేకుండా తీసిన బిడ్డల్లో ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. నొప్పులు వస్తున్నప్పుడే బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు ఇంకడం మొదలవుతుంది. ఆ సమయం ఇవ్వకుండా బయటికి లాగితే, రాజయోగంలో పుట్టిన బిడ్డ నాలుగు రోజులు గాజు పెట్టెలో ఉంటుంది. జాతకం మీద నమ్మకం ఉంటే ఉండనివ్వండి, నేను కాదనను. బిడ్డ తనంతట తాను పుట్టిన గడియకు జాతకం రాయించుకోండి. వెనకటికి అట్లాగే రాసేవాళ్ళు కదా?

అట్లాగని ఆపరేషన్ అంటే తప్పు పని అనుకోవద్దు. మాయ దారికి అడ్డంగా ఉంటే, బిడ్డ అడ్డం తిరిగితే, బొడ్డుతాడు ముందు జారితే, గుండె చప్పుడు పడిపోతుంటే ఆపరేషనే ప్రాణదాత. అప్పుడు "ఇంకో గంట చూద్దాం, నార్మల్ కావాలి" అని మొండికేసే అత్తమ్మలను కూడా చూశాను. ఆపరేషన్‌తో కన్న అమ్మాయిని "నొప్పులు పడకుండా కనింది" అని ఎత్తిపొడవడం ఇంకా పాపం. పొట్ట మీద ఏడు పొరలు కోసి కుట్టారు నాయనా, నొప్పి లేకుండా ఎట్లా ఉంటుంది? మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అన్నది కూడా అందరికీ వర్తించదు. కోత అడ్డంగా, కిందికి ఉండి, బిడ్డ సరిగ్గా ఉండి, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేసే వీలున్న ఆసుపత్రి అయితే మామూలు కాన్పుకు ప్రయత్నించొచ్చు. అట్లా ప్రయత్నించినవాళ్ళలో సగానికి పైగా గెలుస్తారు. మొదటి ఆపరేషన్ కాగితాలు మాత్రం పారేయొద్దు. మళ్ళీ ఫైల్ దగ్గరికే వచ్చాం చూడండి.

బిడ్డ పుట్టిన మొదటి గంట గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. బిడ్డ ఏడ్చిందంటే వెంటనే బొడ్డుతాడు కోయాల్సిన తొందర లేదు. వేలు పెట్టి చూస్తే తాడు నాడిలా కొట్టుకుంటూ ఉంటుంది. ఒక నిమిషం నుంచి మూడు నిమిషాల్లో ఆ కొట్టుకోవడం ఆగుతుంది, నీలంగా లావుగా ఉన్న తాడు తెల్లబడి మెత్తబడుతుంది. ఆ రక్తమంతా బిడ్డదే, బిడ్డకు పోనివ్వాలి. అమ్మకే రక్తం తక్కువున్న మన జిల్లాలో బిడ్డకు అది ఎంత లాభమో ఆలోచించండి. బిడ్డను తుడిచి, గుడ్డలు చుట్టకుండా తల్లి రొమ్ముల మధ్య బోర్లా వేయాలి, పైన దుప్పటి కప్పాలి. కాసేపు కదలకుండా ఉంటుంది. తర్వాత పెదాలు చప్పరిస్తుంది, పిడికిలి నాకుతుంది, కాళ్ళతో తల్లి పొట్టను తన్నుకుంటూ పైకి పాకుతుంది. ఎవరూ నేర్పరు. వదిలేస్తే తనే రొమ్ము దొరకబుచ్చుకుంటుంది. మనం ఆగం. బరువు తూచాలి, స్నానం చేయించాలి, బయట తాతకు చూపించాలి, వాట్సాప్‌లో పెట్టాలి. బరువు గంట తర్వాత తూచినా తగ్గదు. స్నానం మరుసటి రోజు చేయించొచ్చు.

ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్ళు ఇప్పుడు తగ్గాయి గానీ ఆముదం నాకించే ఇళ్ళు, తేనె పూసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. "కడుపులో కశ్మలం పోవాలి" అంటారు. ముర్రుపాలే ఆ పని చేస్తాయి. ఆముదం చుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. తేనె ఏడాది నిండేదాకా వద్దే వద్దు. పుట్టిన బిడ్డకు మొదటి రోజు చెంచాడు పాలు చాలు, కడుపు అంతే ఉంటుంది. "పాలు పడలేదు, డబ్బా పాలు తెండి" అని మూడో గంటకే భర్తను మెడికల్ షాపుకు తరమొద్దు. ఆపరేషన్ అయినవాళ్ళు కూడా ఒకరు సాయం పడితే మొదటి గంటలోనే పాలివ్వొచ్చు. మొదటి వారంలో బిడ్డ బరువు కొంచెం తగ్గి మళ్ళీ పుంజుకుంటుంది. ఐదో రోజు నుంచి రోజుకు ఆరు సార్లకు తగ్గకుండా ఒంటికి పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. విటమిన్-కె ఇంజెక్షన్, బీసీజీ, పోలియో చుక్కలు, మొదటి 24 గంటల్లో హెపటైటిస్-బి పడ్డాయో లేదో కార్డులో చూసుకోండి. కంటికి కాటుక వద్దు. దిష్టి చుక్క పెట్టకపోతే మీ మనసు ఊరుకోదంటే అరికాలికి పెట్టండి. పుట్టిన 24 గంటల లోపు కామెర్లు కనిపించినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా ఎండలో పెట్టి కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి పోండి.

మేనరికాలు మన దగ్గర ఎక్కువ కాబట్టి, మేనమామనో బావనో చేసుకున్నవాళ్ళు ఆ సంగతి మొదటి చెకప్‌లోనే చెప్పండి. బిడ్డ అవయవాలు సరిగ్గా ఉన్నాయా అని చూసే టిఫా స్కాన్ తప్పనిసరిగా తీయించుకోండి, పుట్టాక వినికిడి పరీక్ష, మడమ నుంచి రక్తం తీసి చేసే థైరాయిడ్ పరీక్ష అడగండి. దాచుకోవాల్సిన విషయమేం కాదు.

బాలింతకు నీళ్ళు ఇవ్వని ఆచారం ఒకటుంది. మే నెలలో అనంతపురం ఎండకు, రేకుల ఇంట్లో, చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఒక చిన్న గ్లాసు వేణ్నీళ్ళు. పాలు ఎక్కడి నుంచి వస్తాయి? కాయం తినండి, వెల్లుల్లి కారం తినండి, సాంబ్రాణి కూడా తలకు వేసుకోండి, బిడ్డ ముక్కులోకి పొగ పోకుండా. నీళ్ళు మాత్రం దాహం తీరేదాకా తాగనివ్వండి. పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టండి. బాలింత ఊరికే ఏడుస్తుంటే "దిష్టి తగిలింది" అని వదిలేయొద్దు. నాలుగు రోజుల్లో తగ్గితే సరే. రెండు వారాలు దాటినా బిడ్డ మీద ధ్యాస లేకుండా, నిద్ర లేకుండా ఉంటే అది జబ్బు, దానికి వైద్యం ఉంది.

ఇక మీరు అడగండి.

(ఒక పెద్దావిడ: మా కోడలు ఎప్పుడూ పడుకునే ఉంటుంది. పని చేస్తేనే కదా కాన్పు సులువు?)

నడవమనండి అక్కా, మంచిదే. ఉదయం చల్లపూట అరగంట. కానీ నడకంటే రెండు బిందెలు మోయడం కాదు. ఇంతకూ హిమోగ్లోబిన్ ఎంతుందో చూశారా? ఎనిమిదా? మరి పడుకోక ఏం చేస్తుంది! రేపే తీసుకుపోండి. నరానికి ఎక్కించే ఐరన్ ఉంటుంది, సర్కారు ఆసుపత్రిలో ఉచితమే. పరీక్షలు, మందులు, రక్తం, ఆపరేషన్, తిండి, ఇంటికి దింపే బండి, ఏదీ డబ్బు అడగకూడదని 2011 నుంచే పథకం ఉంది.

(ఒక యువకుడు: లోపలికి వస్తే నాకు కళ్ళు తిరుగుతాయేమో మేడమ్.)

తిరగొచ్చు. తల వైపు కూర్చో, కిందికి చూడాల్సిన పని నీకు లేదు. ముందు టిఫిన్ తినిపో. మరీ భయమైతే బయటే ఉండు, కానీ ఫోన్ ఆన్‌లో పెట్టుకుని, ఫైల్ చేతిలో పట్టుకుని ఉండు. రక్తం ఇచ్చేవాళ్ళు ఇద్దరి నంబర్లు రాసి పెట్టుకో. అది కూడా తోడే.

(ఒక గర్భిణి: ఇవన్నీ అడిగితే డాక్టర్లు కోప్పడతారు మేడమ్. "నీకు తెలుసా నాకు తెలుసా" అంటారు.)

అంటారు. నేనూ విన్నాను. ఓపీలో వంద మంది ఉన్నప్పుడు ఎవరికైనా విసుగే. అందుకే నొప్పుల్లో కాకుండా ఎనిమిదో నెలలో అడగమంటున్నా. ప్రతి నెల 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా చూస్తారు, ఆరోజు పో. మూడే అడుగు. కాగితం మీద రాసుకుని పో. "నాకు మామూలు కాన్పుకు ఏమైనా అడ్డం ఉందా మేడమ్? నొప్పుల్లో మా పిన్నమ్మ నా పక్కన ఉండొచ్చా? బిడ్డను పుట్టగానే నా మీద వేస్తారా?" ఆపరేషన్ అంటే "ఎందుకు" అని, "ఇప్పుడే చేయాలా, కొంచెం ఆగే వీలుందా" అని అడుగు. కారణం ఉన్న డాక్టర్ ఒక నిమిషంలో చెప్తారు. చెప్పింది కార్డు మీద రాయమను. ఒక్కదానివే పోవద్దు, మీ అత్తమ్మను తీసుకుపో. ఆమె అడిగితే ఎవరూ కోప్పడరు. (నవ్వులు)

తలనొప్పి ఎక్కువగా ఉండి కళ్ళు మసకబారినా, ముఖం ఉబ్బినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా 9వ తేదీ దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఫైళ్ళు తెచ్చుకున్నవాళ్ళు కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. బీపీ మిషన్ తెచ్చాను. 34 వారాలు దాటినవాళ్ళు ముందు, మిగతావాళ్ళు తర్వాత.